వైరసు జ్వరములు – హృదయ కండరము

మెదకు పట్టణములో వానలు సగము గడచి భాద్రపద మాసము ప్రవేశించునప్పటికి జ్వరముల కాలము ప్రారంభమగును. ఘనపురము ఆనకట్ట కాలువల క్రింద వరి పొట్టకు వచ్చు ఈ రోజులలోనే ఆసుపత్రుల వాకిళ్లలో చెప్పుల వరుసలు పెరుగును. డెంగీ, ఇన్‌ఫ్లుయెంజా, ఇంకను పేరు తేలని జ్వరములు అనేకము. జనులు వీని నన్నిటిని కలిపి విషజ్వరము లందురు. వీనిలో అధికభాగము అయిదారు దినములలో వాటంతట అవియే తగ్గిపోవును.

అయితే జ్వరము విడిచిన వారము పది దినములకు కొందరు మరల ఆసుపత్రికి వత్తురు. "జ్వరం పోయింది గని నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తుంది సారూ, గుండె దడదడ కొట్టుకుంటుంది" అందురు. ఇది జ్వరపు నీరసమే, నాలుగు దినములు పాలు, పండ్లు తీసుకొన్నచో పోవునని చెప్పి పంపుట వాడుక. చాల మారులు ఆ మాట నిజమే యగును. మిగిలిన కొద్దిమంది విషయములో మాత్రము అది నిజము కాదు. వారికి జ్వరము తెచ్చిన వైరసే గుండెను కూడ తాకియుండును. గుండెజబ్బు అనగానే వార్ధక్యము, స్థూలకాయము, పొగత్రాగుట, రక్తపు పోటు గుర్తునకు వచ్చును గాని, ఇరువది యేండ్ల యువకునకు, పాలు త్రాగు శిశువునకు కూడ వచ్చు గుండెజబ్బు ఒకటి కలదని చాలమంది ఎరుగరు.

ఇచ్చట ఒక భేదమును ముందుగా చెప్పుకొనవలయును. పిల్లలకు గొంతునొప్పి వచ్చి, తరువాత కీళ్లు వాచి, గుండె కవాటములు చెడు వ్యాధి మన ప్రాంతమున చిరపరిచితమే. అది బాక్టీరియా వలన మొదలగునది, కవాటములకు సంబంధించినది. కంఠసర్పి యను వ్యాధి గుండెను దెబ్బతీయుట కూడ ఒక బాక్టీరియా విషము వలననే. ఈ వ్యాసమునకు విషయము వైరసు. అది ముఖ్యముగ దెబ్బతీయునది కవాటమును కాదు, కండరమును.

గుండె పిడికిలి యంత కండరము. బరువు మున్నూరు గ్రాములు, అటు ఇటు. నిమిషమునకు 70 సార్లు కొట్టుకొనునని లెక్క వేసినచో దినమునకు లక్షసార్లు అగును. నిమిషమునకు సుమారు 5 లీటర్ల చొప్పున అది తోడు రక్తము దినమునకు 7,000 లీటర్లకు మించును. ఎండకాలమున మెదకు వీథులలో తిరుగు నీళ్ల ట్యాంకరు నొకదానిని నింపి, ఇంకను మిగులునంత.

జ్వరము వచ్చినప్పుడు ఈ చాకిరి ఎంత పెరుగునో చూడుడు. శరీరపు వేడి ఒక సెంటిగ్రేడు డిగ్రీ హెచ్చినచో నాడి నిమిషమునకు ఇంచుమించు పది దెబ్బలు హెచ్చును. మన థర్మామీటరు మీద 103 డిగ్రీల జ్వరమనగా సెంటిగ్రేడులో దాదాపు రెండున్నర డిగ్రీల హెచ్చు. కాబట్టి నాడి 70 నుండి 95కు పోవును. దినమునకు అదనముగ 36,000 దెబ్బలు! వైరసు గుండెలో అడుగు పెట్టకుండగనే ఈ భారము పడుచున్నదని గమనింపవలయును.

చాకిరి పెరిగినంత మాత్రమున కాదు, కూలి తగ్గుటచేతను గుండెకు కష్టము కలుగును. ఇతర అవయవములకు గుండె ముడుచుకొనునప్పుడు రక్తము పోవును. గుండె కండరమునకు, ముఖ్యముగ ఎడమ జఠరిక గోడకు, గుండె సడలినప్పుడు మాత్రమే రక్తము చక్కగ అందును. ముడుచుకొన్న కండరము తనలోని రక్తనాళములను తానే నొక్కివేయును గదా! నాడి వేగము హెచ్చినకొలది ఈ సడలింపు కాలము కురుచ యగును. కాలువ నీటికి వంతులు పెట్టినప్పుడు వంతు సమయము తగ్గించినచో చివరి మడికి నీరు ఎక్కదు. గుండె గోడలో లోపలి పొర అట్టి చివరి మడి. ఆరోగ్యవంతుని గుండె ఈ కొరతను తట్టుకొనగలదు. ధమనులలో పూర్వమే క్రొవ్వు పేరుకొని దారి ఇరుకైన వారును, రక్తహీనత కలవారును తట్టుకొనలేరు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనులే. ఊపిరితిత్తులు కూడ వ్యాధికి లోనై రక్తములో ప్రాణవాయువు తగ్గినచో ఇక చెప్పనక్కర లేదు.

ఇంతవరకు చెప్పినది పరోక్షపు హాని. వైరసు స్వయముగ గుండె కణములలో ప్రవేశించుట మరియొక కథ.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున హడ్సను నది ఒడ్డున కాక్సాకి అను చిన్న ఊరు కలదు. పోలియోను పోలిన వ్యాధితో బాధపడిన అచ్చటి పిల్లల మలము నుండి గిల్బర్ట్ డాల్‌డార్ఫ్, గ్రేస్ సికిల్స్ అనువారు ఒక క్రొత్త వైరసును వేరుచేసి 1948లో ప్రకటించిరి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలలో దానిని పెంచుట వారి ఉపాయము. ఆ ఊరి పేరే వైరసునకు నిలిచిపోయినది. (ఊరివారికి ఈ కీర్తి ఎంత సంతోషము కలిగించినదో తెలియదు!) ఇందు 'ఎ' జాతి, 'బి' జాతి అని రెండు తెగలు. గుండెను పట్టుటలో 'బి' తెగ పేరుమోసినది. ఇది మురికిచేతుల ద్వారా, కలుషితమైన నీటి ద్వారా కడుపులోనికి పోవును. సాధారణముగ కొద్ది జ్వరము, గొంతునొప్పి, విరేచనములు కలిగించి తప్పుకొనును.

అట్టి కడుపు వైరసు గుండెను ఎట్లు చేరగలిగినది? వైరసు తనంత తాను జీవింపలేదు, సంతానము కనలేదు. జీవకణములో చొరబడి దాని యంత్రాంగమును వాడుకొనవలసినదే. చొరబడుటకు కణపు పైపొరమీద దానికి సరిపడు పట్టుకొమ్మ యొకటి ఉండవలయును. కాక్సాకి 'బి' వైరసు పట్టుకొను ప్రోటీనును 1997లో గుర్తించిరి. అడినో వైరసులు అను మరియొక తెగ కూడ దీనినే పట్టుకొనునని తేలినది. ఈ ప్రోటీను గుండె కణమునకును కణమునకును నడుమ గల అతుకులలో ఉండును. కణములను ఒండొంటికి బిగించి యుంచుట, విద్యుత్ప్రేరణ ఒకదానినుండి మరియొకదానికి సాఫీగ పోవునట్లు తోడ్పడుట దాని అసలు పని. ఇంటికి ఆధారమైన కీలునే దొంగ చేయూతగ వాడుకొన్నట్లున్నది.

లోపలికి పోయిన వైరసు తన ప్రోటీనులను పొడుగైన గొలుసుగ తయారుచేయించి, వానిని ముక్కలుగ కోయుటకు ఒక ఎంజైమును వాడును. ఈ కత్తెర వైరసు గొలుసునే కాక కణములోని డిస్ట్రోఫిన్ అను ప్రోటీనును కూడ కోయునని 1999లో నిరూపింపబడినది. డిస్ట్రోఫిన్ కండర కణమునకు పందిరి గుంజ వంటిది. పుట్టుకతోనే అది లేని మగపిల్లలకు కండరములు క్రమముగ క్షీణించు వ్యాధి వచ్చును. వారి గుండెయు బలహీనపడును. వారి కణములకు వంశపారంపర్యముగ సంక్రమించిన లోపమును ఈ వైరసు కొద్ది దినములలో, కొన్ని కణములలో, తెచ్చిపెట్టుచున్నదన్నమాట.

కాని రోగికి కలుగు హాని యంతయు వైరసు చేసినదే అనుకొనుట పొరపాటు. పూరిండ్ల వాడలో ఒక ఇంటికి నిప్పంటుకొన్నచో జనులు పరుగున వచ్చి ప్రక్క ఇండ్ల కప్పులను కూడ లాగివేయుదురు. నిప్పు ఆగును; అయితే కప్పులు పోయిన ఇండ్లు అంటుకొన్న ఇండ్లకంటె ఎక్కువ. శరీరపు రక్షకదళములు చేయు పని ఇట్టిదే. తెల్లకణములు గుండె కండరములోనికి దిగి, వైరసు దాగియున్న కణములను చంపును. కొన్ని మారులు వైరసు పోయిన తరువాత కూడ యుద్ధము ఆగదు. పగిలిన గుండె కణములనుండి బయటపడిన ప్రోటీనులనే శత్రువులుగ భ్రమించి వాటిపై దాడి సాగించును. ఈ మంట, వాపులతో కూడిన స్థితినే హృదయ కండర శోథ యనియు, వైద్యుల వాడుకలో మయోకార్డైటిస్ అనియు చెప్పుదురు.

రక్షకదళములు ఒకదాని నొకటి పిలుచుకొనుటకు విడుచు పదార్థములు సైటోకైన్లు. వీనికి ఒక విచిత్ర గుణము కలదు. కణమును చంపకుండగనే దాని ముడుచుకొను శక్తిని ఇవి తగ్గింపగలవు. తీవ్రమైన వైరసు వ్యాధిలో రక్తమంతట ఇవి నిండుటచే గుండె సోమరి యగును. వ్యాధి తగ్గి ఈ పదార్థములు తొలగినంతనే అదే గుండె మరల పూర్వస్థితికి వచ్చును. ఐ.సి.యు.లో మరణశయ్యపై నున్నట్లు కనబడిన యువకుడు రెండు నెలలకు సైకిలు త్రొక్కుచు తిరుగుటకు కారణము ఇదియే. ఎన్ని కణములు అలసినవి, ఎన్ని చచ్చినవి అనుదానిపై రోగి భవిష్యత్తు ఆధారపడియుండును.

చచ్చిన కణముల స్థానమున క్రొత్తవి పుట్టుట గుండెలో బహు స్వల్పము. ఎంత స్వల్పమో కొలిచిన పద్ధతి వినదగినది. 1950–60 దశకములలో అణుబాంబుల పరీక్షల వలన గాలిలో రేడియోధార్మికమైన కార్బన్-14 పెరిగి, 1963 ఒప్పందము తరువాత తగ్గుచు వచ్చినది. ఆ కర్బనము పైరులలోనికి, పైరులనుండి మనుష్యులలోనికి చేరును. కనుక ఒక కణములోని డి.ఎన్.ఎ.లో దాని పాలు చూచి ఆ కణము ఏ యేట పుట్టినదో చెప్పవచ్చును. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో ఈ ఉపాయముతో లెక్కించి, 25 ఏండ్ల వయస్సున గుండె కండర కణములలో ఏటికి నూటికి ఒకటి, 75 ఏండ్ల వయస్సున అందులో సగముకంటె తక్కువ, క్రొత్తగ వచ్చునని తేల్చిరి. మానవుల నాశనమునకు పేల్చిన బాంబులు మానవుని గుండె లెక్కకు పనికివచ్చినవి. ఏమైనను, ఏటికి నూటికి ఒకటి చొప్పున పుట్టు కణములు వారములో పోయిన వానిని భర్తీ చేయజాలవు. ఆ చోట్ల మచ్చకట్టును. మచ్చ గట్టిదే గాని ముడుచుకొనలేదు.

మచ్చల వలన రెండు విధముల చిక్కులు వచ్చును. మొదటిది గుండె సాగిపోవుట. బలహీనమైన జఠరిక పూర్తిగ ఖాళీ కాక, లోపల రక్తము నిలువయై, గోడలు బెలూను వలె సాగును. బెలూను పెద్దదైనకొలది దాని గోడపై లాగుడు హెచ్చునని భౌతికశాస్త్రము చదివినవారికి తెలియును. అనగా సాగిన గుండె అంతే రక్తమును తోడుటకు ఎక్కువ శ్రమపడవలయును. శ్రమపడినకొలది ఇంకను సాగును. ఈ విషవలయము కొందరిలో నెలలు, ఏండ్లు నడచి కాళ్ల వాపు, ఆయాసము తెచ్చును. రెండవ చిక్కు లయకు సంబంధించినది. గుండెలో విద్యుత్తరంగము ఒక క్రమమున ప్రసరింపవలయును. దారిలో మచ్చ అడ్డము వచ్చినచో తరంగము దానిచుట్టు సుడి తిరుగును. అప్పుడు జఠరిక ముడుచుకొనుట మాని వణకును. అట్టి స్థితి కొద్ది నిమిషములు నిలిచినచో మనిషి నిలువడు. ఆటస్థలములో, పొలము గట్టున హఠాత్తుగ పడిపోయిన కొందరు యువకుల గుండెలలో శవపరీక్షయందు కనబడినది ఈ శోథయే.

1970లో అమెరికాలో ఎలుకలపై ఒక పరీక్ష చేసిరి. కాక్సాకి 'బి' వైరసు ఎక్కించిన ఎలుకలలో కొన్నిటిని ఊరకుండనిచ్చి, కొన్నిటిని వెచ్చని నీటిలో బలవంతముగ ఈదించిరి. ఈదిన ఎలుకల గుండెలలో వైరసు అనేక రెట్లు పెరిగినది. చచ్చిన ఎలుకల సంఖ్యయు హెచ్చినది. వైరసు ఒకటే, మోతాదు ఒకటే. తేడా విశ్రాంతిలో మాత్రమే. ధాన్యపు బస్తాలు మోయు హమాలీ, నాట్లు వేయు కూలిస్త్రీ జ్వరము మూడవనాడు ఒక సూది వేయించుకొని పనికి పోవుట మన ప్రాంతమున నిత్యము కనబడు దృశ్యము. సూది జ్వరమును అణచును, వైరసును అణచదు. దినకూలి పోవునను భయము నిజమైనదే. వారిని నిందించి లాభము లేదు. పని యిచ్చువారికి కూడ ఈ ఎలుకల సంగతి తెలియవలసియున్నది.

తిండికి, ఈ వ్యాధికి గల సంబంధము కూడ ఒక వింతయే. చైనా ఈశాన్య ప్రాంతమునందు కెషాన్ అను జిల్లాలో 1935 నుండి గుర్తింపబడిన ఒక గుండెజబ్బు పిల్లలను, బాలింతలను చంపుచుండెను. అచ్చటి నేలలో సెలీనియం అను మూలకము బహు తక్కువ. సెలీనియం ఇచ్చినచో వ్యాధి తగ్గినది. కాని ఋతువును బట్టి అది హెచ్చుతగ్గు లగుట చూచి వైరసు పాత్రను కూడ శంకించిరి. గుండెకు హాని చేయని ఒక కాక్సాకి వైరసును సెలీనియం లేని ఆహారము తిన్న ఎలుకలలో పెంచగా, అది మారిపోయి, మంచి తిండి తిన్న ఎలుకల గుండెను సైతము చెరచు శక్తి పొందినదని 1995లో ప్రకటింపబడినది. అనగా ఒకని పస్తు మరియొకని గుండెకు ముప్పు కాగలదు.

ఇక ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ల సంగతి. ఇవి ముఖ్యముగ ఊపిరితిత్తుల వ్యాధులు. గుండె కణములలో నేరుగ కాపురము పెట్టుట తక్కువ. వీని దెబ్బ ఎక్కువగ రక్తనాళముల మీదుగ వచ్చును. ధమని గోడలో పేరుకొన్న క్రొవ్వుగడ్డ పైన పలుచని మూత యుండును. శరీరమంతట మంట చెలరేగినప్పుడు ఈ మూత పగులును. అదే సమయమున రక్తమునకు గడ్డకట్టు స్వభావము హెచ్చియుండును. రెండును కలిసినచో గుండెపోటు. కెనడాలోని అంటారియోలో చేసి 2018లో ప్రకటించిన పరిశీలనలో, ఇన్‌ఫ్లుయెంజా అని పరీక్షలో రుజువైన మొదటి ఏడు దినములలో గుండెపోటు మామూలుకంటె ఆరు రెట్లు ఎక్కువగ వచ్చినట్లు తేలినది. గుండెపోటు వచ్చినవారికి ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసినచో తరువాతి మరణములు తగ్గినవని 2021లో వెలువడిన మరియొక పరీక్ష చూపినది.

మెదకు చర్చి కట్టడము 1914లో ప్రారంభమై 1924 వరకు సాగినది. ఆ పని నడుమనే, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమును చుట్టివచ్చెను. భారతదేశమున దానికి బలియైనవారు కోటికి మించిరి. న్యుమోనియా వారి మరణమునకు ముఖ్య కారణము. వారిలో ఎందరి గుండెలు దెబ్బతిన్నవో చెప్పు సాధనము అప్పటి వైద్యులకు లేదు. నూరేండ్ల తరువాత వచ్చిన కోవిడ్ నాటికి ఆ సాధనము చేతికి వచ్చియుండెను. అది ట్రోపోనిన్ పరీక్ష. ట్రోపోనిన్ గుండె కండరములోని ప్రోటీను. కణము దెబ్బతిన్నప్పుడే రక్తములోనికి కారును. చైనాలోని వూహాన్ ఆసుపత్రిలో 2020 ఆరంభమున చేరిన 416 మంది కోవిడ్ రోగులలో 82 మందికి ట్రోపోనిన్ హెచ్చినది. అట్టివారిలో సగము మంది మరణించిరి. హెచ్చనివారిలో మరణించినది నూటికి అయిదుగురికి లోపు. ఈ సంఖ్యలు ఆసుపత్రిలో చేరినవారివి మాత్రమే యని మరువరాదు. ఇంటివద్దనే తగ్గిపోయిన అసంఖ్యాకులకు ఇవి వర్తింపవు.

తెలంగాణములో మొదటి కోవిడ్ రోగి 2020 మార్చి 2న సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో గుర్తింపబడెను. ఆ తరువాతి రెండేండ్లలో యువకుల ఆకస్మిక మరణముల వార్తలు విని, ఇది వ్యాధి వలననా, టీకా వలననా అని జనులు తర్కించుకొనిరి. భారత వైద్య పరిశోధన మండలి దేశమునందలి 47 ఆసుపత్రుల ద్వారా 18 మొదలు 45 ఏండ్లవారిలో, 2021 అక్టోబరు నుండి 2023 మార్చి వరకు సంభవించిన కారణము తెలియని హఠాన్మరణములను పరిశీలించినది. అట్టి 729 మరణములను, అదే వయస్సు గల 2,916 మంది జీవించియున్నవారితో పోల్చినది. టీకా వలన ముప్పు పెరుగలేదు. రెండు మోతాదులు తీసికొన్నవారికి తగ్గినది. ముప్పును పెంచినవి వేరు: పూర్వము కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరుట, కుటుంబములో హఠాన్మరణములు, మరణమునకు ముందు 48 గంటలలో అతిగా మద్యము త్రాగుట, మత్తుమందులు, ఆ 48 గంటలలోనే అలవాటుకు మించిన కఠిన శ్రమ. ఎలుకల ఈత మరల గుర్తునకు వచ్చుచున్నది. న్యాయముగ చెప్పవలెనన్న, విదేశములలో వాడిన ఎం-ఆర్.ఎన్.ఎ. జాతి టీకాల తరువాత యువకులలో అరుదుగ హృదయ కండర శోథ కనబడిన మాట నిజము. అధికభాగము స్వల్పముగ వచ్చి తగ్గినది. మనదేశమున విరివిగా వాడిన కోవిషీల్డు, కోవాగ్జిన్ ఆ జాతివి కావు. కోవిషీల్డు జాతికి చెందిన టీకాకు బహు అరుదుగ రక్తము గడ్డకట్టు దోషము మాత్రము కనబడినది.

మెదకువారికి ఏటేట ఎదురగు డెంగీ తీరు వేరు. దోమ మలేరియాను మోయునని రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది సికింద్రాబాదులోనే. డెంగీని మోయునది మరియొక జాతి దోమ, పగటిపూట కుట్టునది, ఇంటి తొట్లలోని మంచినీటిలో పెరుగునది. డెంగీలో సన్నని రక్తనాళములు జల్లెడవలె కారుట మొదలిడును. రక్తములోని నీరు బయటికి పోయి, గుండెకు తోడుటకు రక్తము చాలదు. ఇది సాధారణముగ జ్వరము దిగు సమయముననే, మూడు మొదలు ఏడవ దినము లోపల, జరుగును. జ్వరము పోయినదని ఇంటివారు ఊపిరి పీల్చుకొను దినమే గండము దినము. అప్పుడు సిరలలోనికి ద్రవము ఎక్కింపవలయును. ఒకటి రెండు దినములకు బయటికి కారిన నీరు తనంతట తాను రక్తములోనికి తిరిగి వచ్చును. అప్పటికిని సెలైను సీసాలు వ్రేలాడదీసియున్నచో రక్తము పొంగి, ఊపిరితిత్తులలో నీరు చేరును. గుండె కండరము కూడ వైరసు వలన బలహీనపడి యున్నచో ఈ ముప్పు ఇనుమడించును. నీరసముగ నున్నదని రెండు సీసాలు అడిగి ఎక్కించుకొనుట మన ఊళ్లలో గొప్ప వైద్యముగ చెల్లుచున్నది. గుండె దెబ్బతిన్నవానికి ఆ రెండవ సీసాయే ప్రాణాంతకము కావచ్చును. ఒంటినొప్పులకు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి డెంగీలో రక్తస్రావమును పెంచును గనుక తగవు; పారాసెటమాల్ ఒక్కటి తగిన మోతాదులో చాలును. కోలుకొను దినములలో నాడి నిమిషమునకు 50కి దిగుట డెంగీలో తరుచు కనబడును. కండ్లు తిరుగుట, మూర్ఛ లేనిచో దానికి భయపడనక్కరలేదు.

గుండె దెబ్బతిన్నదని గుర్తించుట ఎట్లు? నాడిని లెక్కించుట అందరికి సాధ్యమే. ఉదయము పడకమీదనే నిండు నిమిషము లెక్కింపవలయును. జ్వరము పూర్తిగ పోయిన తరువాత కూడ పెద్దలలో నాడి నూటికి మించి దినముల తరబడి పరుగెత్తుచున్నను, దెబ్బలు తప్పిపోవుచున్నను అనుమానింపవలసినదే. వెల్లకిల పడుకొన్నచో ఊపిరాడక లేచి కూర్చొనుట, పాదములు వాచుట, రొమ్ములో నొప్పి, స్పృహతప్పుట ఇంకను గట్టి గుర్తులు. పిల్లల విషయము మోసకారిది. గుండె దెబ్బతిన్న బిడ్డ కడుపునొప్పి యనును, వాంతులు చేసికొనును; పసిబిడ్డ పాలు త్రాగుచు మధ్యలో ఆపి ఆయాసపడును, చెమటలు పట్టును. ఇంటివారు అజీర్ణమని వాము నీళ్లు పోయుదురు.

ఆసుపత్రిలో మొదట తీయునది ఇ.సి.జి. అది ఒక్కొక్కప్పుడు అచ్చముగ గుండెపోటు వలెనే కనబడును. తరువాత ధమనులను ఎక్స్‌రేలో చూడగ అవి శుభ్రముగ నుండును. ట్రోపోనిన్ పరీక్ష దెబ్బ ఉన్నది లేనిది చెప్పును. ఎకో పరీక్ష జఠరిక ఎంత బలముగ ముడుచుకొనుచున్నదో చూపును. నిండిన జఠరిక ప్రతి దెబ్బకు తనలోని రక్తములో నూటికి 55కు తక్కువ కాకుండ బయటికి నెట్టవలయును. 30కి పడిపోయినచో గడ్డు పరిస్థితి. ఎం.ఆర్.ఐ. వాపును, మచ్చను వేరువేరుగ చూపగలదు. గుండెనుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచుట కచ్చితమైన పరీక్షయే గాని, పెద్ద ఆసుపత్రులలో, కష్టమైన రోగులకు మాత్రమే చేయుదురు. మెదకులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో ప్రారంభమైనది. పెద్ద పరీక్షలకు మాత్రము రోగిని నూరు కిలోమీటర్ల లోపు దూరముననున్న హైదరాబాదునకు పంపుట పరిపాటి. 2005లో హైదరాబాదున మొదలైన 108 వాహనము అట్టి ప్రయాణములోనే ప్రాణవాయువు అందింపగలదు. ఆయాసపడు మనిషిని ఆటోలో పడుకోబెట్టి తీసికొనిపోవుట కంటె, కూర్చుండబెట్టి 108లో పంపుట మేలు.

ఈ వైరసులలో చాలవాటిని గుండెలో చంపు మందు ఇంకను లేదు. వైద్యుడు చేయగలిగినది గుండెకు భారము తగ్గించి, అది తనంతట తాను కోలుకొనువరకు కాపాడుట. మూత్రము ద్వారా నీరు తీయు మందులు, రక్తనాళములను సడలించు మందులు, ప్రాణవాయువు ఇందులకు సాధనములు. గుండె పూర్తిగ చేతులెత్తివేసినచో కొన్ని దినములు రక్తమును బయటి యంత్రముతో నడపించు పద్ధతి కలదు. అది మహానగరములలోనే దొరకును, ఖర్చు లక్షలలో నుండును. వాపును అణచు స్టిరాయిడ్లు అందరికి పనికిరావు. కొన్ని ప్రత్యేక జాతుల శోథలకే ఉపయోగించును. రోగులలో అధికసంఖ్యాకులు పూర్తిగ కోలుకొందురు. కొందరికి గుండె బలహీనత మిగిలి ఏండ్ల తరబడి మందులు వాడవలసి వచ్చును.

కోలుకొను కాలము విషయమున వైద్యులు సాధారణముగ మూడు మొదలు ఆరు నెలలవరకు కఠినమైన శ్రమ కూడదందురు. నడక, కూర్చుండి చేయు పని, ఇంటిపని కొద్దికొద్దిగ మొదలిడవచ్చును; పరుగు, బరువులు, నాగలి, కబడ్డీ తగవు. భాద్రపదమున జ్వరముతో గుండె దెబ్బతిన్న హమాలీకి మూడవ నెల పరీక్ష మార్గశిరములో, సరిగా వరి బస్తాలు లారీల కెక్కు రోజులలో, వచ్చును. ఆ దినమున ఎకోలో జఠరిక బలము మామూలుకు రావలయును, ట్రోపోనిన్ దిగియుండవలయును, ఇరువది నాలుగు గంటలు రొమ్మునకు తగిలించిన ఇ.సి.జి. యంత్రములో తప్పుదెబ్బలు కనబడకుండవలయును. ఈ మూడును సరియైనచో వైద్యుడు మొదట చిన్న మూటతో, తరువాత బస్తాతో, అతనిని పనికి పంపును.